పీహెచ్‌డీకి క్రిప్టోగ్రఫీయా, వైద్య గణాంకాలా, క్యాన్సర్ కణాలా?

మా అక్క కూతురు ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉంది. గణితం మేజరు, బయాలజీ మైనరు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఒక కాగితం మీద మూడు పేర్లు రాసి నా ముందు పెట్టింది: క్రిప్టోగ్రఫీ (గూఢలిపి శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (వైద్య గణాంకాలు), క్యాన్సర్ సెల్ బయాలజీ (క్యాన్సర్ కణాల శాస్త్రం). "వీటిలో పీహెచ్‌డీకి ఏది మంచిది మావయ్యా?" అని అడిగింది. ఈ మూడింటికీ పొత్తేమిటే అన్నాను. "మూడూ ఇష్టమే, అందుకే టెన్షన్" అంది.

పొత్తు లేదని నోరు జారాను గానీ, తర్వాత గుర్తొచ్చింది. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ)లో గణాంక శాస్త్రవేత్తగా ఎదిగిన మన సి.ఆర్. రావు గారు 1947లో ఆర్థోగొనల్ అర్రేలు అనే పట్టికల గురించి రాశారు. తక్కువ ప్రయోగాలతో ఎక్కువ అంశాలను పరీక్షించడానికి పుట్టిన పట్టికలవి. ల్యాబ్‌లో నాలుగు మందుల్ని మూడేసి మోతాదుల్లో కలిపి చూడాలంటే అన్ని కలయికలూ చేయక్కర్లేకుండా కాపాడతాయి. అవే పట్టికలు తర్వాత క్రిప్టోగ్రఫీలోనూ తేలాయి. ఒక రహస్యాన్ని పదిమందికి ముక్కలుగా పంచి, వాళ్లలో ఏ ఐదుగురు కలిసినా తెరుచుకునేలా, నలుగురే ఉంటే ఏమీ తెలియకుండా చేసే పద్ధతుల వెనుక ఉన్నవి అవే. కాబట్టి ఆ పిల్ల కాగితం మీద రాసిన పేర్లు మరీ అంత దూరపు చుట్టాలు కావు.

అయినా ఐదారేళ్లు ఒకదానితోనే కాపురం చేయాలి. ఎంచుకోక తప్పదు. నేను క్లినికల్ ట్రయల్స్ లెక్కలు, అంటే మందుల్ని రోగుల మీద పరీక్షించే ప్రయోగాల లెక్కలు చూసే ఉద్యోగిని. ఈ మూడింట్లో నా పక్షపాతం ఎటో ముందే చెప్పేస్తున్నాను, చదివేటప్పుడు గుర్తుపెట్టుకోండి.

ముందు దేన్ని పోల్చాలి?

మనవాళ్లు మొదట అడిగేది స్కోప్ ఎంత, స్టైపెండ్ ఎంత అని. స్టైపెండ్‌లో పోలికే లేదు. నెట్ అనే జాతీయ పరీక్ష గట్టెక్కి జేఆర్‌ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) వస్తే గూఢలిపి అయినా కణాలైనా 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయ్యాక 42,000, పైన హెచ్‌ఆర్‌ఏ. స్కోప్ సంగతి తర్వాత చెప్తాను. అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు: ఈ రంగంలో మీరు తప్పు చేస్తే అది ఎప్పుడు తెలుస్తుంది, ఎవరు చెప్తారు?

పరిశోధనలో ఎక్కువ రోజులు తప్పులతోనే గడుస్తాయి. ఆ తప్పు తేలే తీరు మీ స్వభావానికి సరిపడకపోతే ఎంత ఇష్టమైన సబ్జెక్టైనా రెండో ఏడాదికే చేదెక్కుతుంది.

క్రిప్టోగ్రఫీ: పదిమందిలో ఓడిపోవాలి

ఇక్కడ మీ తప్పును వెతకడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు ప్రపంచమంతా ఉంటారు. మీరొక తాళం చేసి వీధిలో పెడతారు, వాళ్లు విరగ్గొట్టడానికి చూస్తారు. వ్యక్తిగత కక్ష ఏమీ ఉండదు, ఆటే అది.

ఎస్‌ఐకేఈ అనే పద్ధతి కథ చూడండి. క్వాంటమ్ కంప్యూటర్లు వచ్చినా నిలబడే తాళాల కోసం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పెట్టిన పోటీలో అది 2017 నుంచి ఉంది. 2022 జులై మొదట్లో నాలుగో రౌండుకు కూడా వెళ్లింది. అదే నెలాఖరులో బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన కాస్ట్రిక్, డెక్రూ అనే ఇద్దరు దాన్ని మామూలు కంప్యూటర్‌లో ఒక్క కోర్ మీద సుమారు గంటలో విరగ్గొట్టారు. వాళ్లు వాడిన ఆయుధం ఎర్నెస్ట్ కానీ అనే గణితవేత్త 1997లో రుజువు చేసిన సిద్ధాంతం. పాతికేళ్లు పుస్తకాల్లో ఊరికే పడి ఉంది. ఏళ్ల తరబడి ఎందరో పడ్డ శ్రమ ఒక్క వారాంతంలో చరిత్ర అయిపోయింది.

ఇంకోటి, తిరగబడ్డ కథ. 2024 ఏప్రిల్‌లో చైనాకు చెందిన యీలే చెన్, లాటిస్‌లు అనే చుక్కల జాలీల మీద కట్టిన కఠినమైన గణిత సమస్యలను క్వాంటమ్ కంప్యూటర్ ఛేదించగలదని ఒక వ్యాసం పెట్టారు. అది నిజమైతే నిస్ట్ ఎంచుకున్న కొత్త తాళాల పునాదే కదిలిపోయేది. రంగమంతా నిద్ర మానుకుని చదివింది. ఎనిమిది రోజుల్లో తొమ్మిదో మెట్టులో లోపం దొరికింది, రచయితే ఒప్పుకుని వ్యాసం పైన రాసేశారు. ఆ ఆగస్టులో నిస్ట్ లాటిస్ ఆధారిత ప్రమాణాలను యథావిధిగా విడుదల చేసింది.

ఎనిమిది రోజులు! మిగతా రెండు రంగాల్లో ఈ వేగం కలలో కూడా ఉండదు. మీ పని తప్పన్న మాట నలుగురిలో వినగలిగే గుండె మీకుంటే ఈ రంగం హాయి. నిక్కచ్చిగా ఉంటుంది, పెద్దవాడు చిన్నవాడు అని చూడదు. వినలేకపోతే నరకం.

ఖర్చు దాదాపు లేదు. కాగితం, పెన్ను, ఒక ల్యాప్‌టాప్ చాలు. చిప్పుల మీద కరెంటు వాడకాన్ని కొలిచి తాళంచెవి లాగే పనిలోకి దిగితే మాత్రం పరికరాలు కావాలి. జర్నళ్లకన్నా కాన్ఫరెన్సులదే రాజ్యం: క్రిప్టో, యూరోక్రిప్ట్, ఏషియాక్రిప్ట్. మన దేశంలో 2000 నుంచి ఇండోక్రిప్ట్ జరుగుతోంది. చదవడానికి కలకత్తా ఐఎస్‌ఐ, బెంగళూరు ఐఐఎస్‌సీ, మద్రాసు, ఖరగ్‌పూర్, బొంబాయి ఐఐటీలు, మన దగ్గర ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో సి.ఆర్. రావు గారి పేరిట ఉన్న సంస్థ కూడా ఈ పని చేస్తుంది.

ఒక హెచ్చరిక. అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా, నంబర్ థియరీ, ప్రాబబిలిటీ ఈ మూడింట్లో కనీసం రెండు మీకు అన్నం నీళ్లంత అలవాటు కాకపోతే అటు వెళ్లకండి. కోడింగ్ బాగా వచ్చు కదా అని వెళ్లినవాళ్లు మొదటి ఏడాదిలోనే ఉక్కిరిబిక్కిరి అవుతారు. ఇంకో చిన్న ఇబ్బంది, ఏ పెళ్లిలో కలిసినా బంధువులు "క్రిప్టో అంటే బిట్‌కాయినేగా, ఇప్పుడు కొనొచ్చా?" అని అడుగుతూనే ఉంటారు.

క్యాన్సర్ కణాలు: తప్పు నెలల తర్వాత వాసనేస్తుంది

కణాల్ని పెంచడమంటే పశువుల్ని పెంచడం లాంటిదే. 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, రెండు మూడు రోజులకోసారి కొత్త మీడియా, అంటే కణాలు తినే పోషక ద్రవం. వాటికి ఆదివారం తెలియదు, ఉగాది తెలియదు. ఫ్లాస్కు నిండిపోతే పాసేజ్ చేయాలి, అంటే కొన్నిటిని కొత్త ఫ్లాస్కులోకి మార్చాలి, లేకపోతే చస్తాయి. శుక్రవారం సాయంత్రం ఊరికి బస్సెక్కే ముందు ల్యాబ్‌మేట్‌ను బతిమాలుకోవడం ఈ బతుకులో భాగం.

మీడియా మబ్బుపట్టినట్టు మారితే బ్యాక్టీరియా పడిందని ఆ పూటే తెలుస్తుంది, ఫ్లాస్కు పారేస్తారు. అది నయం. మైకోప్లాస్మా అనే అతి చిన్న సూక్ష్మజీవి పడితే మీడియా తేటగానే ఉంటుంది, మామూలు మైక్రోస్కోపులో కనపడదు, కణగోడ లేదు కాబట్టి పెన్సిలిన్‌కు లొంగదు. మూడు నెలలుగా వస్తున్న ఫలితాలు కణాలవి కాదు, దానివని ఒకరోజు టెస్టు చేస్తే బయటపడుతుంది.

అంతకన్నా పెద్దది ఇంకోటుంది. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ గర్భాశయ ముఖద్వారపు కణితి నుంచి, ఆమె అనుమతి అడగకుండానే తీసిన హీలా కణాలు ఎంత బలంగా పెరుగుతాయంటే, పక్క ఫ్లాస్కుల్లోకి చేరి వాటిని మింగేశాయి. ఏదో కణం అనుకుని హీలా మీదే ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లున్నారు. ఎండీఏ-ఎంబీ-435 అనే కణాల్ని రొమ్ము క్యాన్సర్‌వని నమ్మి లెక్కలేనన్ని వ్యాసాలు రాశారు. 2007 నాటికి తేలిందేమిటంటే అవి ఎం14 అనే చర్మపు క్యాన్సర్ కణాలు. ఆ వ్యాసాలు చాలావరకు ఇప్పటికీ లైబ్రరీల్లోనే ఉన్నాయి, కింద చీటీ ఏమీ లేకుండా.

పేరున్న క్యాన్సర్ వ్యాసాల్లోంచి 193 ప్రయోగాల్ని మళ్లీ చేసి చూద్దామని అమెరికాలో ఒక బృందం బయల్దేరింది. 2021లో లెక్క చెప్పే సమయానికి 50 మాత్రమే చేయగలిగారు. మూల వ్యాసాల్లో వివరాలు చాలవు, రీజెంట్లు (ప్రయోగానికి వాడే రసాయనాలు) దొరకవు, కొందరు రచయితలు జవాబివ్వరు. చేసినవాటిలో కనిపించిన ప్రభావాలు మధ్యగతంగా మూల వ్యాసాల్లోకన్నా 85 శాతం చిన్నవి. ఇందులో మోసం ఉందని ఎవరూ అనలేదు. కణాలు, సీరం, చేయి తిరిగిన తీరు, ఊరు మారితే ఫలితం మారుతుంది. ఆ అనిశ్చితిని భరిస్తూ చేతులతో పనిచేయగల ఓపిక మీకుందా అన్నదే ప్రశ్న.

ఇంత చెప్పి, దీని ఆకర్షణ చెప్పకపోతే అన్యాయం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో తయారుచేసిన అమైనోప్టెరిన్ అనే మందును సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బోస్టన్‌లో లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు ఇచ్చారు. అంతకుముందు నెలల్లో చనిపోయే పిల్లలు కొందరు తాత్కాలికంగానైనా లేచి తిరిగారు. 1948లో ఆ వ్యాసం వచ్చింది, సుబ్బారావు గారు అదే ఏడాది కన్నుమూశారు. కణం లోపల ఒక అణువు ఏం చేస్తుందో అర్థమైతే పక్క మీద ఉన్న బిడ్డ లేస్తుంది. ఈ సూటి దారి మిగతా రెండింట్లో లేదు. 2001లో వచ్చిన ఇమాటినిబ్ అనే రక్త క్యాన్సర్ మందు వెనుక కూడా 1960లో ఫిలడెల్ఫియాలో కనిపించిన ఒక పొట్టి క్రోమోజోమ్ ఉంది. మధ్యలో ఎన్నేళ్లో మీరే లెక్కేసుకోండి.

పరిశోధన సంస్థలు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఇంకా సెంట్రల్ యూనివర్సిటీ మన హైదరాబాద్‌లోనే. నవీ ముంబై ఖార్ఘర్‌లో టాటా మెమోరియల్ వారి క్యాన్సర్ పరిశోధన కేంద్రం ఆక్ట్రెక్ ఉంది, క్యాన్సరే మీ లక్ష్యమైతే అది ముందు చూడండి. సీరం, యాంటీబాడీలు చాలావరకు దిగుమతి సరుకు. గ్రాంటు డబ్బు ఆలస్యమైతే మీ పని ఆగుతుంది, మీ తప్పేమీ లేకుండానే. ఐదేళ్లు ఆరవుతాయి, ఆ తర్వాత పోస్ట్‌డాక్ (తాత్కాలిక పరిశోధన ఉద్యోగం), ఇంకో పోస్ట్‌డాక్. ఇంట్లో పెళ్లి సంబంధాల గొడవ ఎక్కడ మొదలవుతుందో మీకు తెలుసు.

వైద్య గణాంకాలు: తప్పు చప్పుడు చేయదు

నా పని ఇది కాబట్టి దీని లోపం మొదట చెప్తాను. క్రిప్టోలో ఎవరో ఒకరు పట్టేస్తారు, ల్యాబ్‌లో ఎప్పుడో ఒకప్పుడు కణాలు చెప్తాయి. ఇక్కడ తప్పు లెక్క కూడా ఒప్పు లెక్కంత అందంగానే ప్రింటవుతుంది. సాఫ్ట్‌వేర్ గుర్రుమనదు.

ఒక ఉదాహరణ. "ఫలానా మందు ఆరు నెలలు వాడినవాళ్లు, వాడనివాళ్లకన్నా ఎక్కువ కాలం బతికారు." వినడానికి బాగుంది. కానీ ఆరు నెలలు వాడాలంటే ముందు ఆరు నెలలు బతికి ఉండాలిగా? నాలుగో నెలలో పోయినవాళ్లంతా వాడనివాళ్ల ఖాతాలో పడ్డారు. మందు మంచినీళ్లైనా గెలుస్తుంది. ఈ పొరపాటు పేరున్న జర్నళ్లలో కూడా జారుకుంటూ వస్తుంది.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఇంకా ఘోరం జరిగింది. ఏ కణితికి ఏ కీమో మందు పనిచేస్తుందో జన్యువుల్ని చూసి చెప్పొచ్చని 2006లో ఒక వ్యాసం వచ్చింది. హ్యూస్టన్ ఎం.డి. ఆండర్సన్‌లోని బాగర్లీ, కూంబ్స్ అనే ఇద్దరు గణాంకవేత్తలు ఆ లెక్కల్ని వెనక్కి తవ్వితే, జన్యువుల జాబితా ఒక వరుస కిందికి జరిగి ఉంది, మందుకు లొంగేవి లొంగనివి అన్న గుర్తులు తారుమారయ్యాయి. ఈలోగా ఆ పద్ధతి ఆధారంగా రోగులపై ట్రయల్స్ మొదలైపోయాయి. వ్యాసాన్ని 2011లో వెనక్కి తీసుకున్నారు. కణజీవశాస్త్రం ఇచ్చిన డేటాలో తప్పును పట్టుకున్నది లెక్కల మనుషులు, అదీ మొండిగా వెంటపడితే.

నా అనుభవం దీని ముందు చిన్నది. ఒక ఆసుపత్రి నుంచి వచ్చిన డేటాలో పదకొండు మంది చేరకముందే చనిపోయారు. తేదీలు వేసేటప్పుడు కొందరు నెలను ముందు, కొందరు రోజును ముందు రాశారన్నమాట. పదకొండు దొరికాయి సరే, మార్చి 4, ఏప్రిల్ 3 లాంటి జంటల్లో దొరకనివెన్ని? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ అనుమానపు జబ్బు మీకు పుట్టుకతో ఉంటే ఈ వృత్తికి పనికొస్తారు.

ఈ పని ఎంత గొప్పదో రెండు ట్రయల్స్‌తో చెప్పొచ్చు. 1947లోనే బ్రిటన్‌లో క్షయకు స్ట్రెప్టోమైసిన్ ఎవరికివ్వాలో బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంకవేత్త సీల్ చేసిన కవర్లతో నిర్ణయించారు. మందు తక్కువ, రోగులు ఎక్కువ, కాబట్టి అదృష్టానికి వదలడం అన్యాయం కూడా కాదు. ఆరు నెలలకు మందు తీసుకున్న 55 మందిలో 4గురు, పడక విశ్రాంతి మాత్రమే దొరికిన 52 మందిలో 14 మంది చనిపోయారు. ఐదేళ్లకు ఆ తేడా చాలావరకు కరిగిపోయింది, బ్యాక్టీరియా మందుకు లొంగడం మానేసింది. పక్కన పోల్చే గుంపు లేకపోతే ఈ రెండు సంగతులూ స్పష్టంగా తెలిసేవి కావు. ఫార్బర్‌కు అలాంటి గుంపు లేదు. ఆ పిల్లలకు బతుకే లేదు కాబట్టి తేడా కంటికే కనపడింది. తేడా కంటికి కనపడనప్పుడే మాతో అవసరం.

రెండోది మద్రాసుది. 1956లో మొదలైన క్షయ కీమోథెరపీ కేంద్రంలో రోగుల్ని శానిటోరియంలో (క్షయ రోగుల ఆసుపత్రిలో) పెట్టి కొందరికి, ఇంటి దగ్గరే ఉంచి కొందరికి ఒకే మందులిచ్చారు. ఇరుకు ఇళ్లు, పలచని తిండి. అయినా ఇంట్లో ఉన్నవాళ్లు దాదాపు శానిటోరియం వాళ్లంత బాగానే కోలుకున్నారు, ఇంట్లోవాళ్లకు అదనంగా జబ్బు అంటలేదు. 1959లో ఆ ఫలితం వచ్చాక ప్రపంచమంతటా క్షయ వైద్యం ఇంటికి నడిచింది. కొత్త అణువు ఏదీ కనుక్కోలేదు, సరైన ప్రశ్నకు సరైన పోలిక కట్టారు, అంతే.

వెల్లూరు సీఎంసీ, బెంగళూరు నిమ్‌హాన్స్, చెన్నైలోని ఐసీఎంఆర్ ఎపిడెమియాలజీ సంస్థ, ఢిల్లీ ఎయిమ్స్ దీనికి మంచి చోట్లు. హైదరాబాద్‌లో ఉద్యోగాలు కుప్పలుగా కనిపిస్తాయి, కానీ జాగ్రత్త. "స్టాటిస్టికల్ ప్రోగ్రామర్" అని రాసి ఉంటే చాలావరకు ఎస్‌ఏఎస్‌ అనే సాఫ్ట్‌వేర్‌లో టేబుళ్లు దింపే పని. మంచి జీతమే, తప్పు లేదు, పరిశోధన మాత్రం కాదు. దానికోసమైతే పీహెచ్‌డీ దండగ.

పేరు ఎక్కడ పడుతుంది?

చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ల్యాబుల్లో పోట్లాటలు దీనికే. క్రిప్టోగ్రఫీలో రచయితల పేర్లు అక్షర క్రమంలో వేస్తారు. అనిల్ ఎప్పుడూ ముందే, వెంకట్ ఎప్పుడూ వెనకే, ఎవరూ పట్టించుకోరు. కణజీవశాస్త్రంలో మొదటి పేరు కోసం యుద్ధాలు జరుగుతాయి. ఆరేళ్ల చాకిరీ చేసి రెండో పేరుగా మిగిలితే ఉద్యోగం దగ్గర తేడా పడుతుంది. మా దాంట్లో డాక్టరు గారు ముందు, ప్రొఫెసరు గారు చివర, మేము మధ్యలో ఏడో పేరు. కొత్త పద్ధతి కనిపెట్టి గణాంక జర్నల్లో రాస్తేనే మన పేరు ముందుంటుంది. అహం ఎక్కువున్నవాళ్లకు ఇది కష్టం.

మరి ఎవరికి ఏది?

గణితంలో రుజువు దొరికిన క్షణం తప్ప ఇంకేదీ మీకు ఆనందం ఇవ్వకపోతే క్రిప్టోగ్రఫీ, రెండో మాట లేదు. వంట బాగా చేసేవాళ్లు, మొక్కలు పెంచేవాళ్లు, కుట్టుమిషను విప్పి బిగించేవాళ్లు సెల్ బయాలజీలో రాణించడం చూశాను. చేతి నేర్పు, గమనించే కన్ను, మళ్లీ మొదలుపెట్టే మొండితనం మార్కుల జాబితాలో కనపడవు. మూడూ ఇష్టమైనవాళ్లకు, తేల్చుకోలేనివాళ్లకు నేను బయోస్టాటిస్టిక్సే చెప్తాను. అందులో ఉంటే క్యాన్సర్ ల్యాబ్‌లతో రోజూ పని ఉంటుంది, రోగుల డేటా బయటపడకుండా ఆసుపత్రుల మధ్య లెక్కలు కట్టే కొత్త పద్ధతుల్లో క్రిప్టోగ్రఫీ కూడా తగులుతుంది. మిగతా రెండింటి మధ్య నేరుగా వంతెన లేదు.

ఈ మాట మా పిల్లకు చెప్తే "నీ దుకాణం సరుకే నువ్వు పొగుడుతావు" అంది. నిజమే. అందుకే నా మాట నమ్మొద్దు, రుచి చూడమన్నాను. ఒక నెల ఇలా గడపండి. మొదటి రెండు వారాలు క్రిప్టోగ్రఫీ పరిశోధకుల సంఘం ఐఏసీఆర్ వారి ఈప్రింట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే ఒక వ్యాసం తీసుకుని, మొదటి మూడు పేజీల్లోని రుజువును ఖాళీలు లేకుండా మీ చేత్తో తిరగరాయండి. తర్వాతి రెండు వారాలు పైన స్ట్రెప్టోమైసిన్ ట్రయల్‌లో చెప్పిన 55, 52 అంకెలు తీసుకుని మరణాల తేడా ఎంత, ఆ తేడా ఎంతవరకు కాకతాళీయం కావచ్చు లెక్కకట్టండి, ఆపైన "ఈ ట్రయల్‌లో నన్ను ఏది మోసం చేయగలదు" అని ఒక పేజీ రాయండి. సెల్ బయాలజీని మాత్రం ఇంట్లో కూర్చుని రుచి చూడలేం. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు అప్లై చేసి రెండు నెలలు ల్యాబ్‌లో ఉండాలి, అందులో కనీసం మూడు ఆదివారాలు కణాల దగ్గరికి వెళ్లి ఉండాలి.

సబ్జెక్టు తేలాక గైడును వెతికేటప్పుడు గైడుతో కాదు, అదే ల్యాబ్‌లో నాలుగో ఏడాది చదువుతున్న విద్యార్థితో క్యాంటీన్‌లో మాట్లాడండి. క్రిప్టోగ్రఫీ అయితే "మీ గైడు ఈమధ్య ఎవరితో కలిసి రాశారు, మీరు ఎన్ని కాన్ఫరెన్సులకు వెళ్లారు" అని అడగండి, ఒంటరిగా ఈ పని సాగదు. సెల్ బయాలజీ అయితే "గ్రాంటు ఎప్పటిదాకా ఉంది, మైకోప్లాస్మా టెస్టు ఎన్ని నెలలకోసారి చేస్తారు, కణాల గుర్తింపు ఎప్పుడు సరిచూశారు" అని అడగండి. జవాబు తడబడితే ఇంకో ల్యాబ్ చూసుకోండి. బయోస్టాటిస్టిక్స్ అయితే ఒక్కటే: "డేటా వచ్చాక మిమ్మల్ని పిలుస్తారా, ట్రయల్ మొదలవ్వకముందే పిలుస్తారా?" వచ్చాక అంటే మీరు గుమస్తా. ముందే అంటే అప్లికేషన్ పెట్టేయండి.